గ్రామ విమానములు – చిన్న మరమ్మతులు

రేణిగుంట విమానాశ్రయమున దిగు విమానములలో, తిరుమలేశుని దర్శనార్థము వచ్చు శ్రీమంతుల సొంత విమానములును అప్పుడప్పుడు కానవచ్చుచుండును. ఆ విమానముల యజమానులు తమ వాహనమున నొక మరనైనను తాము స్వయముగా బిగింపరు. బిగింపవలసిన యవసరమును వారికి లేదు. లైసెన్సు పొందిన ఇంజనీర్లు, ప్రభుత్వానుమతి గల మరమ్మతు సంస్థలు, సంతకములతో నిండిన లాగు పుస్తకములు, ఇవన్నియు వారి ధనమునకు లోబడి సిద్ధముగా నుండును. ఆ విమానాశ్రయమునకు కొన్ని ఆమడల దూరమున, చిత్తూరు సీమ పల్లెలలో, మఱియొక జాతి విమానములు లేచుచున్నవి. వానిలో పైలటు కూర్చుండడు. అవి పది లీటర్ల మందునీళ్ళ తొట్టిని మోసికొని, మామిడితోట పైనను వేరుసెనగ చేని పైనను రెండు మూడు నిలువుల ఎత్తున తిరుగుచుండును. వానిని నడుపునది పొదుపు సంఘపు స్త్రీ. అవి చెడినప్పుడు ఆమె ఎవరి నడుగవలెను? ఎంతవరకు తానే బాగుచేసికొనవలెను? ఈ ప్రశ్న పైకి చిన్నదిగా కానవచ్చును గాని, ఒక పంట దక్కుటయు దక్కకపోవుటయు, ఒక మనుష్యుని చేయి నిలుచుటయు నిలువకపోవుటయు దీనిపై నాధారపడి యున్నవి.

శాసనము ఈ రెండు వాహనములకును పెట్టిన పేరు ఒక్కటియే. డ్రోనును మన శాసనకర్తలు బొమ్మగా నెంచలేదు. మనుష్యుడు లేని విమానముగానే ఎంచిరి. 2021 ఆగస్టు 25వ తేదీన కేంద్ర ప్రభుత్వమువారు ప్రకటించిన డ్రోను నియమములు వీనిని బరువును బట్టి ఐదు తరగతులుగా విభజించినవి. 2 కిలోలకు మించి 25 కిలోల లోపు తూగునవి చిన్న తరగతివి. మన చేల పైని మందు చల్లు యంత్రములు సామాన్యముగా నీ తరగతిలోనివే. ప్రతి నమూనాకును తరగతి ధ్రువపత్రముండవలెను. ప్రతి యంత్రమునకును ప్రత్యేక సంఖ్య యుండవలెను. నడుపువారు 18 మొదలు 65 ఏండ్ల లోపువారై, పదవ తరగతి ఉత్తీర్ణులై, శిక్షణ పొంది ధ్రువపత్రము గొనవలెను. నియమోల్లంఘనమునకు లక్ష రూపాయల వరకు జుల్మానా విధింపవచ్చును. ఇంత వివరముగా వ్రాసినవారు, యంత్రము చెడినప్పుడు యజమాని స్వహస్తముతో నే పని చేయవచ్చునో, నే పనిని ముట్టరాదో తెలుపు పట్టికను మాత్ర మా నియమములకు జతపఱుపలేదు. ఆ భారము తయారీదారుల చేతిపుస్తకములకు విడువబడినది.

ఈ లోపము యొక్క ప్రాధాన్యము తెలియవలెనన్న, ఈ యంత్రములు పల్లెలకు వచ్చిన దారిని చూడవలెను. 2023 నవంబరులో కేంద్ర మంత్రివర్గము 'నమో డ్రోన్ దీదీ' పథకము నంగీకరించినది. 1,261 కోట్ల రూపాయల వ్యయముతో 15,000 స్వయం సహాయక సంఘములకు డ్రోనుల నొసంగుట దాని యుద్దేశము. వెలలో నూటికి 80 వంతులు, 8 లక్షల రూపాయలకు మించకుండ, ప్రభుత్వమే భరించును. తక్కినది సంఘము ఋణముగా తెచ్చుకొనవచ్చును. యంత్రముతోపాటు అదనముగా నాలుగు బాటరీ జతలు, ఒక ప్రొపెల్లరు రెక్కల జత, ఒక నాజిళ్ళ జత నిచ్చుటయు, ఒక సంవత్సరపు వారంటీ, ఒక సంవత్సరపు బీమా, రెండు సంవత్సరముల నిర్వహణ ఒప్పందము కల్పించుటయు అందు చేరియున్నవి. సంఘములో నొక స్త్రీకి 15 దినముల పైలటు శిక్షణ మిత్తురు. విద్యుత్పరికరముల మరమ్మతులందును, బిగింపు పనులందును అభిరుచి గల మఱియొక సభ్యురాలికో, కుటుంబములోని వారికో సహాయకుని శిక్షణ మిత్తురు.

పాఠకు లీ చివరి మాటలను గమనింపవలెను. మరమ్మతు చేయదగిన చేయి గ్రామములోనే యుండవలెనని పథకకర్తలే తలంచిరి. రెక్కల జత నదనముగా నిచ్చినవారు, విఱిగిన రెక్కను యజమానియే మార్చుకొనునని యెఱిగియే యిచ్చిరి గదా! అట్లయిన, ఏది మార్చవచ్చును, ఎట్లు మార్చవలెను, మార్చిన పిదప నే పుస్తకమున వ్రాయవలెను, ఎవరి సంతకము చేయవలెను అను సంగతిని సర్వజనులకు తెలియునట్లు శాసనరూపమున చెప్పుటకు వెనుదీయ నేల?

సకాలమున మరమ్మతు జరుగకపోయిన నష్టమెంతయో మన రైతులకు వేఱుగ చెప్ప నక్కఱలేదు. చిత్తూరు సీమకు మామిడి ప్రాణము. తోతాపురి కాయ గుజ్జు కర్మాగారములకు పోవలెనన్న, శీతకాలమున పూత నిలువవలెను. పూతకాలమున తేనెమంచు పురుగు పట్టినచో రైతు కిచ్చు గడువు మాసములు కాదు, దినములు. నిలువెత్తు చెట్ల కొమ్మలకు క్రింద నిలుచుండి మందు కొట్టువాని ముఖముపైననే ఆ మందు తిరిగి పడును. అందుచేతనే పైనుండి చల్లు యంత్రమున కీ సీమలో నింత యాదరము. రెండు రూకల నాజిలులో నలక చిక్కుకొనిన కారణమున అట్టి యంత్రము మూలబడి, సంస్థవారి మనిషి చెన్నపట్టణము నుండియో, బెంగళూరు నుండియో రావలెనని కూర్చున్నచో, ఆతడు వచ్చునప్పటికి పూత రాలిపోవును. పురుగు వారంటీ పత్రమును చదువదు. సంఘపు స్త్రీకి దినవెచ్చము పోవును. ఋణపు వాయిదా మాత్రము నిలువదు.

ఇంతమాత్రమున, చెడిన దానిని చేతికందిన వాడెల్ల విప్పి బిగింపవచ్చునని మేము చెప్పబూనలేదు. ఎదుటి పక్షమువారి వాదమునకును బలము గలదు. దానిని న్యాయముగా వినవలెను.

విమానచరిత్ర మొదలైనదే యజమాని మరమ్మతులతో. 1903 డిసెంబరు 17వ తేదీన కిట్టీహాకు ఇసుకదిబ్బలపై తొలివిమానమును లేపిన రైటు సోదరులు డేటను నగరమున సైకిళ్ళ దుకాణము నడుపుకొనువారు. వారి యింజను నిర్మించినవాడు ఆ దుకాణపు పనివాడైన చార్లీ టైలరు. కట్టినవారే ఎగిరిరి, ఎగిరినవారే బాగుచేసిరి. మన దేశమున 1932 అక్టోబరు 15వ తేదీన జె. ఆర్. డి. టాటాగారు కరాచీ నుండి బొంబాయికి తపాలా విమానమును నడుపగా, నెవిలు విన్సెంటుగారు దానిని బొంబాయి నుండి బళ్ళారి మీదుగా చెన్నపట్టణమునకు చేర్చెను. దత్తమండలములలోని బళ్ళారి నేలపై తొలి తపాలా విమానము దిగిన ఆ దినములలో సంస్థ అంతయు రెండు చిన్న విమానములును, వ్రేళ్ళపై లెక్కింపదగిన పనివారును మాత్రమే. ఆ కాలమున అది చాలెను.

కాని విమానములు పెరిగిన కొలది, పడిపోయినవియు పెరిగినవి. పడిన వానిలో యజమానులు గాక పరులును ఉండిరి. క్రింద నేలపై నున్నవారును ఉండిరి. అందుచేత అమెరికాలో 1926 సంవత్సరపు వాయు వాణిజ్య శాసనముతో యంత్రకారులకు లైసెన్సులు వచ్చినవి. మన దేశమున 1934 సంవత్సరపు విమాన శాసనమును, దాని క్రింద 1937లో చేయబడిన విమాన నియమములును ఇట్టి కట్టుబాటునే చేసినవి. విమానము ఎగురుటకు యోగ్యమని ధ్రువపత్రముండవలెను. జరిగిన పనికి లైసెన్సుగల ఇంజనీరు సంతకముండవలెను. లాగు పుస్తకము నడువవలెను. పరప్రభుత్వపు నాటి ఆ 1934 శాసనము స్థానమున 2024 సంవత్సరపు భారతీయ వాయుయాన్ అధినియమము వచ్చి, 2025 జనవరి 1వ తేదీనుండి అమలునందున్నది. శాసనము పేరు మాఱినది. సంతకము లేనిదే విమానము లేవరాదను సూత్రము మాఱలేదు. మాఱవలసిన పనియు లేదు.

అయినను, కఠినములైన యీ కట్టుబాట్ల నడుమనే ఇతర దేశములవారు యజమానికి కొంత చోటు విడిచిరి. అది యెట్లు విడిచిరో చూచిన మనకు దారి దొరకును.

అమెరికా విమానశాఖవారి నియమములలో 43వ భాగమునకు అనుబంధముగా నొక పట్టిక గలదు. దానికి 'నివారక నిర్వహణ' అని పేరు. పైలటు లైసెన్సు గలవాడు తాను స్వంతముగా కలిగియున్న, లేక తాను నడుపు విమానమునకు, ఆ పట్టికలోని పనులను ఇంజనీరు లేకయే చేసికొనవచ్చును. పట్టికను చదివినవారి కందులో నొక వివేకము కనబడును. టైరు తీసి వేయవచ్చును, చక్రపు బేరింగును కడిగి గ్రీజు పెట్టవచ్చును, చెడిన చీలపిన్నును మార్చవచ్చును, స్పార్కు ప్లగ్గును తుడిచి సందు సరిచేయవచ్చును, చమురు వడపోతను శుభ్రము చేయవచ్చును, బాటరీని మార్చవచ్చును, దీపపు బల్బును, కూర్చుండు ఆసనమును, నడుముపట్టీని మార్చవచ్చును. రెక్కపై గుడ్డకు చిన్న అతుకు వేయవచ్చును గాని, లోపలి పక్కటెముకకు కుట్టు వేయవలసి వచ్చినచో వేయరాదు. ఇంజను కప్పును తీయవచ్చును గాని, దానికై ప్రొపెల్లరును విప్పవలసి వచ్చినచో తీయరాదు. అనగా, పని చిన్నదా పెద్దదా అని కాలమును బట్టియో, ఖర్చును బట్టియో వారు లెక్కింపలేదు. ఆ పని తప్పినచో విమానపు అస్థిపంజరము కదలునా, గమనమును శాసించు భాగము చెడునా అని మాత్రమే చూచిరి.

పట్టికతోపాటు మూడు షరతులున్నవి. చేసిన పని యేమి, ఏ తేదీన చేసినది, ఎవరు చేసినది అని లాగు పుస్తకమున వ్రాసి, లైసెన్సు సంఖ్యతో సంతకము చేయవలెను. పట్టికకు మించిన పనిని లైసెన్సుగల యంత్రకారుని కన్నుల యెదుట, ఆతని బాధ్యతపై చేయవచ్చును గాని, తనిఖీని మాత్రము తానుగా చేసికొనరాదు. మూడవది, జనులను కూలికి మోయు విమాన సంస్థల వాహనములకు పైలటు కీ స్వేచ్ఛ లేదు. ఐరోపాలోను ఇట్టిదే మఱియొక యేర్పాటు గలదు. 2,730 కిలోలకు మించని, వ్యాపారమున కుపయోగింపని విమానమునకు పైలటైన యజమాని పరిమితములైన పనులను చేసి సంతకము పెట్టవచ్చును. ప్రాణాపాయకరములైన పనులు మాత్రము అక్కడను నిషిద్ధములే.

ఇచ్చట నొక యాక్షేపము కలుగును. మన గ్రామ విమానము కూలికే కదా మందు చల్లుచున్నది? సంఘపు స్త్రీ పొరుగువారి చేలపై వెల పుచ్చుకొని నడుపుచున్నది గదా? ఐరోపా కొలతతో చూచిన ఆమె కీ హక్కు రాకపోవచ్చును. కాని అమెరికావారి నియమమును జాగ్రత్తగా చదివినచో, వారు నిషేధించినది ప్రయాణికులను, సరకులను మోయు విమాన సంస్థలకే. చేలపై మందు చల్లు విమానములను ఆ నిషేధమున చేర్చలేదు. మనుష్యుడు కూర్చుండు సేద్యపు విమానమునకే చెల్లిన ఔదార్యము, మనుష్యుడు కూర్చుండని పది లీటర్ల యంత్రమునకు చెల్లకపోవుటకు కారణము మాకు కానరాదు. పక్షులవలె ఆకాశమున తిరుగు దానికన్న, పైరు తలల నంటి తిరుగు దాని విషయమున పట్టిక మఱికొంత విశాలముగనే యుండవచ్చును.

లైసెన్సొక్కటియే రక్ష యని తలంచువారు 1990 జూన్ 10వ తేదీన జరిగినదానిని జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. ఆ దినమున బర్మింగుహాము నుండి స్పెయినునకు బయలుదేరిన బ్రిటిషు ఎయిర్వేసు విమానమొకటి 17,000 అడుగులకు పైగా ఎగసిన వెంటనే, కాప్టెను ఎదుటి గాజు పలక ఊడి యెగిరిపోయెను. కాప్టెను నడుము వఱకు వెలికి లాగబడెను. తోటి సిబ్బంది ఆతని కాళ్ళు పట్టుకొని యుండగా సహపైలటు సౌతాంప్టనున విమానమును దింపెను. దైవవశమున నెవరును చనిపోలేదు. కారణ మేమి? అంతకు ముందు దినముననే ఆ పలకను మార్చిరి. బిగించిన 90 బోల్టులలో 84 బోల్టులు ఉండవలసిన దానికన్న సన్ననివి. బిగించినవాడు తెలియనివాడు కాడు, అనుభవముగల ఇంజనీరు. పాత బోల్టును చూచి కంటికొలతతో అట్టిదానినే తీసికొనెను గాని, భాగముల పుస్తకమును విప్పి చూడలేదు. ఇందు మనకు రెండు పాఠములున్నవి. ఇది చిన్నపని యనుకొన్నదే ప్రాణాంతకము కావచ్చునన్నది మొదటిది. చేసిన చేతికి లైసెన్సున్నదా యను దానికన్న, ఆ చేయి పుస్తకము చూచి పనిచేసినదా, రెండవ కన్ను దానిని పరీక్షించినదా యనునదియే ముఖ్యమన్నది రెండవది.

ఈ పాఠములతో మన గ్రామ విమానమును సమీపింతము. యజమాని చేయదగిన పనులు మా యభిప్రాయమున ఇవి. నాజిళ్ళను, వడపోత జల్లెడలను కడుగుట. మందు తొట్టిని ప్రతి దినాంతమున మంచినీళ్ళతో పలుమాఱులు తొలుచుట. కారుచున్న గొట్టమును, చెడిన రబ్బరు ఉంగరమును మార్చుట. ఎగురుటకు ముందు మరలన్నిటిని చూచి వదులైనవానిని బిగించుట. వంగిన నిలువుకాళ్ళను మార్చుట. పగిలిన రెక్కను మార్చుట. ఇవి పది దినముల శిక్షణ గల మనిషి శుభ్రముగ చేయదగినవి.

ఇందు రెక్క మార్పు నొక్కదానిని విస్తరింతుము. ఏలయన చిన్నపని యను మాటలోని మెలకువ యందే కలదు. ఈ యంత్రమున కొన్ని రెక్కలు సవ్యముగాను, కొన్ని అపసవ్యముగాను తిరుగును. ఒకదాని మెలిని మఱియొకటి త్రిప్పి సరిచేయుట కది యేర్పాటు. సవ్యపు రెక్కను అపసవ్యపు మోటారుపై బిగించినచో, ఆ చేయి పైకి లేవదు. యంత్రము నేల విడువగనే తలక్రిందగును. కాబట్టి రెక్కపై ముద్రించిన గుర్తును చూడకుండ బిగింపరాదు. పగిలిన రెక్కకు జిగురు పూసి అతికించుట మహాపరాధము. పని మొదలిడుటకు ముందు బాటరీ తీగను విప్పవలెను. మోటారును పరీక్షింపవలసినచో రెక్కలను తీసిన పిదపనే పరీక్షింపవలెను. నిమిషమునకు వేలకొలది చుట్లు తిరుగు ఆ రెక్కకు చెఱకు గెడకును చేతివ్రేలికిని భేదము తెలియదు. పని ముగిసిన పిదప, మందు పోయక, జనులు దూరముగ నున్న బయలున, నిలువెత్తున కొన్ని నిమిషములు నిలిపి చూడవలెను. అటుపిమ్మటనే చేనికి పోవలెను.

ఇక యజమాని ముట్టరానివి. బాటరీ పొరలను విప్పుట, ఒక గదిని తీసి మఱియొక గదిని చేర్చుట. మోటారు లోపలి తీగను మరల చుట్టుట. చీలిన చేతిగొట్టమును అతికించుట. గమనమును శాసించు పెట్టెను విప్పుట. అందలి సాఫ్టువేరును మార్చుట. తయారీదారు చెప్పిన దానికన్న పెద్ద తొట్టిని తగిలించుట. ఇవన్నియు లోపలి అస్థిపంజరమును, మెదడును సోకునవి. తరగతి ధ్రువపత్రము ఒక నమూనా కిచ్చినది. యజమాని నమూనానే మార్చినచో ఆ పత్రమునకు అర్థ మేమి మిగులును?

బాటరీల విషయమున మన సీమవారి కొక హెచ్చరిక చేయవలసి యున్నది. రేణిగుంటకు సమీపమున కరకంబాడిలో బాటరీల పరిశ్రమ వెలసినందున, బాటరీ యన్న మనవారికి క్రొత్తకాదు. మోటారుకార్ల సీసపు బాటరీకి నీరు పోసి, కొనలు తుడిచి బ్రతికించుట పల్లెపల్లెను తెలిసిన విద్య. ఆ విద్య ఇచ్చట పనికిరాదు. డ్రోనులోనిది లిథియము బాటరీ. దాని గది ఒక్కొక్కటి నిండినప్పుడు 4.2 వోల్టులు, అంతకు మించి నింపినను, అడుగంట వాడినను చెడును. చాలదినములు వాడకుండ నుంచునప్పుడు సుమారు 3.8 వోల్టుల వద్ద నుంచవలెను. ఉబ్బిన దానిని పొడిచి గాలి తీయుట, నొక్కి మామూలు చేయుట అగ్నితో నాడుకొనుటయే. మన తిరుపతి ఎండలలో దానిని ట్రాక్టరు ట్రాలీలో విడువరాదు. నిదురించు గదిలో చార్జీ పెట్టరాదు. ఉబ్బినదానిని వేఱుగ నుంచి సంస్థకు తిరిగి పంపుటయే యజమాని ధర్మము.

ఈ జాగ్రత్తలు యజమాని మేలు కొఱకే గాక పొరుగువారి మేలు కొఱకును అవసరము. తిరుపతి చుట్టుప్రక్కల సేద్యము విమానాశ్రయమునకు దూరమైనది కాదు. నియమముల ప్రకారము విమానాశ్రయపు ప్రహరీ నుండి 8 మొదలు 12 కిలోమీటర్ల నడుమ 200 అడుగులకు పైనను, 8 కిలోమీటర్లకు లోపలనైన నేల నుండియే అనుమతి లేక డ్రోను ఎగుర రాదు. తిరుమల కొండపై డ్రోనుల నెగురవేయుట దేవస్థానమువారు నిషేధించిరి. దిక్సూచి చెడి, అదుపు తప్పి గాలికి కొట్టుకొనిపోవు యంత్రమునకు ఈ సరిహద్దులు తెలియవు. మరమ్మతు సరిగా జరుగుట ఇచ్చట లోకరక్షణ విషయము.

మా వాదమున కన్నిటికన్న ముఖ్యమైనది లాగు పుస్తకము. పల్లెటూరి స్త్రీలు దీనిని నడుపలేరని శంకించువారు మన పొదుపు సంఘముల చరిత్ర నెఱుగనివారు. 1990ల దశకము నుండి ఆంధ్రదేశమున వేలకొలది సంఘములు తీర్మానముల పుస్తకమును, పొదుపు పుస్తకమును, అప్పుల పుస్తకమును నడుపుచున్నవి. వారము వారము సంతకములు పడుచున్నవి. రూపాయికి లెక్క తప్పిన ఊరుకొనని ఆ స్త్రీలకు, మరకు లెక్క వ్రాయుట అసాధ్య మగునా? తేదీ, ఎగిరిన నిమిషములు, చెడినదేమి, మార్చినదేమి, మార్చిన భాగము సంఖ్య, చేసినవారి సంతకము, చూచినవారి సంతకము, ఈ ఏడు గళ్ళు చాలును. పథకమే ఇద్దరికి శిక్షణ నిచ్చినది గదా! ఒకరు బిగించినదానిని మఱియొకరు చూచి సంతకము చేయుదురు గాక. రెండవ కన్ను లేకయే బర్మింగుహామున ఆ బోల్టులు లేచిపోయినవి. బీమావారు కారణ మడిగినప్పుడును, ప్రమాద విచారణ జరిగినప్పుడును ఆ పుస్తకమే ఆమెకు సాక్షి.

స్వహస్తముతో యంత్రమును నిలుపుకొనుట మన దేశపు వారికి నేటి యాలోచన గాదు. 1929లో అఖిల భారత చరఖా సంఘమువారు ఉత్తమమైన రాట్నమునకు లక్ష రూపాయల బహుమానము ప్రకటించిరి. వెల 150 రూపాయలకు మించరాదనిరి. 20 సంవత్సరములు నడువవలెననిరి. ఏటేటి మరమ్మతు ఖర్చు వెలలో నూటికి 5 వంతులకు లోబడి యుండవలెననిరి. యంత్రమును కొనునప్పుడే దాని మరమ్మతును విచారించిన ఆ దూరదృష్టి, లక్షల రూపాయలు పోసి కొను ఈ యంత్రముల విషయమున నేల యుండరాదు? వినియోగదారుల శాఖవారు 2022 జూలైలో మరమ్మతు హక్కుపై నొక సంఘమును నియమించినప్పుడు, సేద్యపు పనిముట్లను మొదటి విషయములలో నొకటిగా చేర్చిరి. చేలపై నెగురు పనిముట్టు కూడ సేద్యపు పనిముట్టే.

కాబట్టి మేము కోరునది ఇది. కేంద్ర ప్రభుత్వమువారు డ్రోను నియమములకు యజమాని చేయదగిన పనుల పట్టికను జతపఱుపవలెను. ఆ పట్టికలోని పని చేసిన కారణమున వారంటీ పోదని శాసింపవలెను. తయారీదారులు చేతిపుస్తకమును, భాగముల పుస్తకమును బొమ్మలతో తెలుగున నచ్చువేయవలెను. రెక్కలు, నాజిళ్ళు, గొట్టములు నిర్ణీతమైన వెలకు, సంస్థ మనిషి రాకయే, యజమానికి నేరుగ నమ్మవలెను. రెండు సంవత్సరముల నిర్వహణ ఒప్పందము ముగిసిన పిదప సంఘము దిక్కులేని దగుటకు వీలులేకుండ, రాష్ట్ర ప్రభుత్వమువారు మూడవ సంవత్సరమును ఇప్పుడే ఆలోచింపవలెను.

దీనికి కావలసిన విద్య మన ఊరిలోనే గలదు. తిరుపతిలో 1961 నుండి శ్రీ వేంకటేశ్వర వ్యవసాయ కళాశాల యున్నది. ప్రాంతీయ పరిశోధన స్థానమున్నది. 2015లో నెలకొన్న ఐ. ఐ. టి. యున్నది. రైలు పెట్టెలను విప్పి, పరీక్షించి, సంతకము చేసి పంపు కర్మశాలయు తిరుపతిలో నున్నది. నిర్ణీత కాలమున విప్పి చూచుట, పుస్తకమున వ్రాయుట, తనిఖీదారు సంతకము లేనిదే పట్టాలెక్కింపకుండుట అచ్చటి పనివారి నిత్యకృత్యము. ఆ క్రమశిక్షణను పల్లెల స్త్రీలకు నేర్పుటకు ఏటేట మామిడి పూతకు ముందు పది దినములు చాలును.

సంఘపు సోదరీమణులకు మా మనవి యొక్కటి గలదు. శాసనము వచ్చువఱకు వేచియుండక, నేడే ఏడు గళ్ళ పుస్తకము నొకటి తెఱవుడు. మీరు మార్చిన ప్రతి రెక్కను అందు వ్రాయుడు; ముట్టరానిదానిని ముట్టక సంస్థకు వ్రాసిన యుత్తరమును, దానికి వచ్చిన జవాబును, వేచిన దినముల లెక్కను అందే వ్రాయుడు. పట్టిక కావలెనని మీరు ప్రభుత్వము నడుగు దినమున, ఆ పుస్తకమే మీ యర్జీ యగును.